అమ్మ ఫ్లాస్కు పట్టుకున్నది

సుష్మీ,

డబ్బా నిండ పెన్నులున్నయి, ఒక్కటి సుత రాస్తలేదు. నీ కాటుక పెన్సిల్‌తో రాస్తున్న, తిట్టకు. పప్పు ఉడికింది, పోపు పెట్టు. మేడ మీద బట్టలు తీయి.

అమ్మను తీస్కొని ఎర్రమంజిల్ పోతున్న. మన బస్తీ దవాఖాన గురించి జనం ఏమంటరో వినడానికి పెద్ద డాక్టరమ్మ మీటింగ్ పెట్టింది. మొదలు అమ్మనే మాట్లాడమన్నరు! నాకైతే కాలు నిలుస్తలేదు. దవాఖానల బీపీ గోలీల లైన్ల కాడ నాలుగు కుర్చీలెయ్యమని అమ్మ అడిగితే చాలు. పోయిన వారం నిలబడలేక గోడకు ఒరిగింది గద.

కాని ఇంట్ల రోజూ దవాఖానను ఏకిపారేసే మనిషి, మొన్న ఆశా వర్కర్ ఇంటికొచ్చి "ఏమన్న ఇబ్బందుందా పెద్దమ్మా?" అంటే ఏమన్నది? "ఏం లేదు బిడ్డా, అంత మస్తుంది, చాయ్ తాగు." ఇయాల సుత ఫ్లాస్కుల చాయ్ పోసింది. డాక్టరమ్మకట!

చీటీ చూడంగనే ఫోన్ చెయ్యి.

విజయేందర్

మరిచిన: ఫ్లాస్కు బీరువా ఎనక దాచిన, దొరకబట్టింది. ఇప్పుడు బిస్కెట్లు సుత సర్దుతున్నది. ఆమెతోని కుర్చీలెట్ల అడిగించాలె? నీ కాళ్లు మొక్కుత, జర ఉపాయం చెప్పు.