పదకొండు తారీఖులు

సికింద్రాబాద్,
22 ఆగస్టు 1948, ఆదివారం

ప్రియమైన మేబెల్‌కు,

నువ్వూ అత్తయ్యా బెజవాడ చేరారని రైలు గార్డు లూకా చెప్పాకే నాకు అన్నం సయించింది. టపాను నమ్మలేక దీన్ని కూడా అతని చేతికే ఇస్తున్నాను. చదవగానే పొయ్యిలో వేసెయ్యి.

బడి నడుస్తోంది. ఊళ్లు పట్టిపోయినవాళ్లు పోగా నా తరగతిలో ముప్పై ఎనిమిది మంది మిగిలారు. నెల కిందట దేవకృప అనే పిల్ల లేచి, "సార్, కూడికలో చేతికి ఒకటి అంటారు గదా, అది ఎవరి చెయ్యి?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సర్టిఫికెట్ ఉన్న మాస్టరైతే ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టేవాడు. కంటోన్మెంటులో రెజిమెంటు లైబ్రరీ ఎత్తేసినప్పుడు నేను కొన్న పాత గణితచరిత్ర పుస్తకం నీకు తెలుసు, దాన్ని దిండు కింద పెట్టుకుంటానని దెప్పేదానివి. అందులో ఉంది జవాబు. మన దేశంలో పూర్వం పలక మీద దుమ్ము పరిచి, వేలితో లెక్క చేసేవారు. పెద్ద అంకె దగ్గర, అంటే ఎడమ నుంచి మొదలుపెట్టేవారు. 478కి 256 కలపాలంటే ముందు నాలుగూ రెండూ ఆరు రాయాలి. తర్వాత ఏడూ ఐదూ పన్నెండు. ఆరును వేలితో తుడిచి ఏడు చేసి, పక్కన రెండు రాయాలి. ఆ తుడిచి రాసే చెయ్యే దేవకృప అడిగిన చెయ్యి. నీ ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసుకుని బడికి పట్టుకెళ్లాను. కోపగించుకోకు. లెక్కంటే దడుసుకునే పిల్లలు ఇప్పుడు పళ్లెం చుట్టూ తోసుకుంటున్నారు.

అసలు సంగతికి వస్తాను. ఉర్దూ చెప్పే దస్తగీర్ మున్షీ నా పాఠం వేళకు కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. ఒకసారి లోపలికే వచ్చాడు. నేను గబగబా అరచేత్తో ఇసుక చదును చేసేశాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి మళ్లీ కిటికీ బయటే. చేతిలో చిన్న నోటుబుక్కు, అందులో ఏదో రాసుకుంటూనే ఉంటాడు. హెడ్‌మాస్టరు దేవానందంగారు నన్ను పిలిచి, "జకర్యాగారూ, లెక్కలు చెప్పండి, చాలు. అంకెలు ఇక్కడ పుట్టాయి, అరబ్బులు మన దగ్గర నేర్చుకున్నారు అని ఈ రోజుల్లో చెప్పడం అవసరమా? వీధిలో రజాకార్లు కవాతు చేస్తున్నారు. అటువాళ్లు వింటే మిమ్మల్ని ఇండియన్ యూనియన్ మనిషంటారు" అన్నారు. ఆయనకు ఎవరు చెప్పినట్టు? మొన్న బుధవారం పిల్లల చేత చింతగింజలతో గుణకారం చేయించి బయటికి వస్తూ మున్షీ నోటుబుక్కులోకి తొంగిచూశాను. ఉర్దూ అక్షరాలు నాకు రావు కానీ, గూడ్సు షెడ్డులో పనిచేసినవాణ్ని, ఉర్దూ అంకెలు వచ్చు. పైన తారీఖు, దాని కింద 38. నా తరగతిలో ఎంతమంది ఉన్నారో కూడా రాసుకుంటున్నాడు మేబెల్. నా రోజుపుస్తకంలో ఆయన నిలబడిన ప్రతి తారీఖు కింద గీత గీసి పెట్టుకుంటున్నాను. ఎందుకైనా మంచిది.

నీ
జకర్యా


సికింద్రాబాద్,
10 అక్టోబరు 1948, ఆదివారం

ప్రియమైన మేబెల్‌కు,

ఇప్పుడు టపా బాగానే వెళ్తోందట, అందుకని ధైర్యంగా పోస్టు చేస్తున్నాను. యూనియన్ సైన్యం వచ్చి మూడు వారాలు దాటింది. రజాకార్లు కనబడటం లేదు. మనుషులు మాత్రం ఒకరినొకరు అదే చూపు చూసుకుంటున్నారు, కాకపోతే చూపులు ఇప్పుడు అవతలి వైపు తిరిగాయి.

సోమవారం బడి కమిటీవాళ్లు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, తోటి మాస్టర్లలో రజాకార్లతో ఎవరికి పొత్తుందో తెలిసింది రాసివ్వమన్నారు. గుమాస్తా సదాశివ తలొక కాగితం పంచాడు. చాలామంది 'ఏమీ తెలియదు' అని రాసి సంతకం పెట్టారు. నేను ఇంటికి వెళ్లి రోజుపుస్తకం తెచ్చుకున్నాను. గీతలు గీసిన తారీఖులు పదకొండు. పదకొండూ వరసగా ఎక్కించి, 'ఈ తారీఖులలో దస్తగీర్ మున్షీ నా తరగతి కిటికీ వద్ద నిలిచి నోటుబుక్కులో రాసుకొనుట, పిల్లల సంఖ్య గుర్తించుట చూచితిని' అని రాసిచ్చాను. ఒక్క అబద్ధం లేదు. దేవానందంగారు కళ్లద్దాలు సర్దుకుని, "తారీఖులతో సహా ఇచ్చింది మీరొక్కరే" అన్నారు. మెచ్చుకున్నారో మరేదో ఆ గొంతులో తెలియలేదు.

గురువారం మున్షీని బడి నుంచే పోలీసు చౌకీకి తీసుకుపోయారు. ఆయన నా వైపు చూడలేదు. చెప్పులు వరండాలోనే ఉండిపోతే సదాశివ పరుగెత్తుకెళ్లి ఇచ్చొచ్చాడు. తిరిగొచ్చి, "జకర్యాగారూ, మీ రోజుపుస్తకంల నేను సుత ఉన్ననా? ఉంటే జెర ముందే చెప్పుండ్రి, చెప్పులు తొడుక్కునే కూసుంట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేను చేసింది తప్పని అనుకోవడం లేదు. అనుమానం తీరితే మనసు తేలిక పడాలి గదా, పడటం లేదు. శుక్రవారం పాఠం చెబుతూ రెండుసార్లు కిటికీ వైపు చూశాను. కాపలాగా ఎవరూ లేరు, అయినా మాట సాగలేదు. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

నీ
జకర్యా


సికింద్రాబాద్,
31 అక్టోబరు 1948, ఆదివారం

నా మేబెల్‌కు,

నీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. నాలుగే వాక్యాలు. 'మీ మొదటి ఉత్తరాన్ని నేను పొయ్యిలో వేయలేదు. మీరు నాతో మాట్లాడిన మాటలకంటే ఆ పుస్తకంలో రాసుకున్నవే ఎక్కువ. ఆ తారీఖుల పక్కన ఏ పాఠం చెప్పారో కూడా కమిటీకి రాసిచ్చారా? మొన్న బుధవారం అన్నారే, ఆ చింతగింజల లెక్క ఏమిటి?'

నాకు కోపం వచ్చింది. అయినా పుస్తకం తీశాను. ఆగస్టు 18, నా చేతిరాతే: 'తరగతిలో 38 మంది, తలా నాలుగు చింతగింజలు, మొత్తం 152, ఎడమ నుంచి చేయించితిని.' ఆ 38 నేనిచ్చిన లెక్కలోనిది మేబెల్. పదకొండు తారీఖుల కిందా ఏదో ఒక ఇసుక లెక్క ఉంది. గీతలు గీసినవాణ్ని నేనే, గీత కింద ఏముందో చదవలేదు.

ఆ సాయంత్రమే బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి వెనక సందులో ఉన్న మున్షీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పేరు చెప్పగానే తలుపు వెనక మాటలు ఆగిపోయాయి. పరదా చాటు నుంచి ఆయన పెద్దకూతురు అడిగింది, "మీరేనా లెక్కల జకర్యా సాబ్? మా అబ్బా గిట్ల తక్లీఫ్‌ల పడ్డది మీరు రాసిచ్చినందుకే అంటున్నరు, నిజమేనా?"

"నిజమే" అన్నాను.

తర్వాత పరదా కింద నుంచి ఒక పళ్లెం బయటికి జరిగింది. సత్తు పళ్లెం, నిండా ఇసుక. ఆ ఇసుకలో నా లెక్క, ఎడమ నుంచి చేసినది. తుడిచిన చోట వేలి గుర్తు ఇంకా ఉంది. "రోజూ మీ పాఠం తెచ్చి మాకు చెప్తుండె. మీరు ఇసుక వాడుడెందుకో, డమాస్కస్‌ల ఒకాయన సిరా తోటి కాగితం మీద చేసుడు ఎట్ల షురూ చేసిండో, అంతా చెప్పిండు. నోటుబుక్కుకు పేరేం పెట్టిండో ఎరుకేనా? 'జకర్యా సాబ్ కా హిసాబ్'. ఉర్దూల పిల్లలకు కితాబ్ చెయ్యాలనుకున్నడు."

"లోపలికి వచ్చి వినొచ్చుగా" అన్నాను.

"ఒకపారి వస్తే మీరు తుడిచేసిన్రట. జకర్యా సాబ్ బెదురు మనిషి, నేను పోతే పాఠం ఆగుతది, బయటనే నిలబడ్త అన్నడు."

మర్నాడు ఆ అమ్మాయి ఇచ్చిన నోటుబుక్కూ నా రోజుపుస్తకమూ పట్టుకుని దేవానందంగారి గదికి వెళ్లాను. సదాశివ ఉర్దూ చదివి చెబుతుంటే, పక్కన నా తారీఖులు సరిచూశాం. పదకొండుకు పదకొండు కలిశాయి. ఆఖరి పేజీ దగ్గర సదాశివ ఆగిపోయి, "ఇది వినుండ్రి సార్" అన్నాడు. జూలైలో రజాకార్లు ఇద్దరు బడికి వచ్చి, ఇసుకలో రాసి తుడిచే ఆ సంకేతాలేమిటని అడిగితే, 'ఇది మా బగ్దాద్ పెద్దలు సుత చేసిన హిసాబ్, చదువుకుంటే మీకే తెల్సేది' అని మున్షీ పంపేశాడట. అది దేవానందంగారికి తెలుసు. నన్ను జాగ్రత్తగా ఉండమన్నది అందుకే. "నాకు తెలిసీ కమిటీ ముందు నోరు విప్పలేదు. నాకూ పిల్లలున్నారు" అన్నారాయన, నా మొహం చూడకుండా.

తర్వాత ఆయనే దారి చూపారు. తన బీరువాలో ఉన్న నా పాత కాగితం చింపేసి, దాని స్థానంలో 'ఏమీ తెలియదు' అని ఇంకొకటి పెట్టేద్దామన్నారు. "మీకు సర్టిఫికెట్ లేదు. సిలబస్‌లో లేని పాఠం నెలల తరబడి చెప్పానని మీ అంతట మీరే రాసిస్తే కమిటీ ఊరుకోదు, ఉద్యోగం పోతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇసుక మీదైతే తుడిచెయ్యొచ్చు. కాగితం మీద చేసే లెక్కలో తప్పు వస్తే, అది కనబడేటట్టు కొట్టేసి పక్కన ఒప్పు రాయాలి. పిల్లలకు నేను చెప్పేది అదే. అదే కాగితం మీద నేను రాసిన వాక్యం మీద గీత కొట్టి, ఒక్కో తారీఖు పక్కన ఆ రోజు చెప్పిన పాఠం రాసి, కింద సంతకం పెట్టాను. సదాశివతో కలిసి చౌకీకి వెళ్లి దాన్ని నేనే ఇచ్చాను.

గురువారం మున్షీని వదిలారు. నిన్న శనివారం బడికి వచ్చాడు. గడ్డం పెరిగింది, బాగా చిక్కాడు. ఎప్పటిలాగే కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను గుమ్మం దాకా వెళ్లి, "లోపలికి రండి మున్షీ సాబ్" అన్నాను.

"నేనొస్తే తుడిచేస్తరు గదా?"

"తుడవను."

వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఎనిమిది మంది ముందు, ఆయన ముందు, పాఠం ఆఖరుదాకా చెప్పాను. నోటుబుక్కు ఆయన ఒళ్లోనే ఉంది. తెరవలేదు. క్షమించమని అడగటానికి నాకు మాట రాలేదు, అడుగుతానేమోనని ఆయనా ఎదురుచూడలేదు. లేచి వెళ్లేటప్పుడు మాత్రం, "సోమవారం గుణకారమేనా?" అన్నాడు. అవునన్నాను.

నవంబరు దాటాక నా ఉద్యోగం ఉండదని దేవానందంగారు నిన్ననే చెప్పారు. ఇది విన్నాక కూడా నీకు రావాలనిపిస్తే రా. వచ్చేటప్పుడు బెజవాడలో కృష్ణ ఒడ్డున సన్నటి ఇసుక ఒక సంచిడు పట్టుకురా. ఇక్కడి ఇసుక గరుకు, అంకె నిలవదు. రెండు పళ్లాలకు సరిపోవాలి. ఒకటి బన్సీలాల్‌పేట్‌లో ఇచ్చి రావాలి, నువ్వు కూడా నాతో రావాలి. ఒక్కణ్నే వెళ్తే నాకు ఆ గుమ్మం దగ్గర మాట రాదు.

ఈ ఉత్తరాన్ని కూడా దాచు.

నీ
జకర్యా