అక్క పంపిన పుంజు

ప్రియమైన పిచ్చుకా,

నీ టర్కీల షెడ్డు చూడ్డానికి రాలేకపోయాను, అలగకు. మా షెడ్డులోకల్లా మేలైన పుంజును పంపుతున్నాను. వాడి పేరు దొర. ఒళ్లు బరువు, తనంతట తాను పెట్టలతో జతకట్టలేడు. వీర్యం తీసి సన్న గొట్టంతో పెట్టలన్నిటికీ నువ్వే ఎక్కించాలి. సిగ్గుపడితే పిల్లలు పుట్టవు! గుడ్లు పొదిగాక నాకూ కొన్ని పిల్లల్ని పంపు, వాడి జాతి నా దగ్గర ఉండాలి.

నీ మేలు కోరే
అక్క

ప్రియమైన అక్కా,

నువ్వు చెప్పినట్టే పెట్టలన్నిటికీ దొర వీర్యమే ఎక్కించాను. "మీ అక్క ఏదీ ఊరికే ఇవ్వదే" అని నీ మరిది ఎకసెక్కమాడితే కడిగి పారేశాను.

కానీ గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టాక దొర మేత మానేశాడు. రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. పెట్టలూ చిక్కిపోతున్నాయి, రెండు చచ్చాయి. ఉద్యోగం మానుకుని పెట్టుకున్న షెడ్డు అక్కా, ఇది పోతే నాకింకేం లేదు. మీ దగ్గర ఎప్పుడైనా ఇలా అయిందా?

భయంతో
నీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకా,

మా దగ్గర ఒక్క ఈక కూడా రాలలేదు. నీ షెడ్డులో చెమ్మ, అంతే. నువ్వు ఊడ్చే సంబడం నాకు తెలియదా? డాక్టర్ని మాత్రం పిలవకు, ఊరికే రచ్చ. నేను షెడ్డు కడిగించి కొత్త పిల్లల్ని దించాను, ఊపిరాడని పని.

అక్క

ప్రియమైన అక్కా,

నీ మాటే నిజం, చెమ్మే. సున్నం చల్లాక దొర తేరుకున్నాడు. గుడ్లు పిగిలాయి, పిల్లల్ని వ్యానులో పంపుతున్నాను. విడిగా ఉంచితే బెంగపెట్టుకుంటాయి, నీ వాటితో కలిపెయ్యి.

ప్రేమతో
పిచ్చుక

ప్రియమైన పిచ్చుకా,

అందాయి! అచ్చం వాళ్ల నాన్నే. వచ్చినరోజే అన్నిటితో కలిపేశాను. చూశావా, ఊరికే కంగారుపడ్డావు. అక్క మాట వింటే ఎప్పుడూ చెడిపోవు.

నీ అక్క

ప్రియమైన అక్కా,

పిల్లల్ని పంపకముందే డాక్టరు వచ్చాడు. దొరను నా కళ్లముందే కోశాడు. కాలేయం ఉబ్బి, దాన్నిండా తెల్లటి గడ్డలు. వైరస్ తెచ్చే కణితులట, మందు లేదట. పుంజు వీర్యం నుంచి పెట్టకు, గుడ్డులోంచి పిల్లకు పోతుందట. "మీ అక్కగారి షెడ్డులోనూ ఇదేనమ్మా. అన్నిటినీ చంపించాం, లెక్కలో ఒక పుంజు తగ్గింది" అన్నాడు. నువ్వు వాణ్ని నా షెడ్డులో దాచావన్నమాట.

ఆ సాయంత్రమే నావన్నీ చంపేశారు. నేను గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. అప్పుడే గుడ్లలోంచి వచ్చిన పిల్లల ట్రే ఒక్కటి మాత్రం వాళ్ల కంటపడకుండా మంచం కిందికి తోశాను. వాడి జాతి కావాలని నువ్వే అడిగావు కదా.

నీ పిల్లలు ఎలా ఉన్నాయక్కా? మేత తింటున్నాయా?

నీ చెల్లి