షుగరుకూ కరెంటుకూ ఏం సంబంధం

పాన్‌గల్

కావ్య నాయినకు సరోజ రాస్తున్న. ఇక్కడ అందరం మంచిగున్నం. అత్త మోకాళ్లు జర నయమై మళ్ల పల్లీచేనుకు పోతుంది. ఆ కొండల్ల, సొరంగం పనికాడ నువ్వు గూడ పానం చూసుకో. ఫోన్ కలవదు గనుక అంతా రాస్తున్న.

నువ్వడిగిన ముచ్చట. మామ బీమా కేసు గెలిచినం.

కంపెనోళ్ల కాయితం యాదున్నది గద. మామకు షుగరున్నదంట, ఫారంల దాచిండంట, అందుకే ఇయ్యరంట. మామ పోయింది మోటరు స్టార్టరు పట్టుకొని, షాకు కొట్టి. షుగరుకూ కరెంటుకూ ఏం సంబంధమో ఆ చదువుకున్నోళ్లకే తెల్వాలె. ప్రమాద బీమా అని ఏండ్లకేండ్లు కట్టించుకున్నప్పుడు మామ షుగరు వాళ్లకు తీపిగనే ఉండె.

వనపర్తి కోర్టుల న్యాయ సేవా సంస్థ ఉన్నది. పేదోళ్లకు ఫీజు లేకుండ వకీలును పెడ్తరు. మాకు పూజ అనే వకీలమ్మను ఇచ్చిండ్రు. కాయితాలన్ని చదివి, "మీకు యాష్టకొచ్చి ఇడిసిపెట్టేదాక తిప్పుతరక్కా. వాళ్ల బలమంత అదే" అన్నది. అత్త పేరు మీద వినియోగదారుల కమిషన్ల కేసేసింది. అన్నట్టే నాలుగుసార్లు వాయిదా అడిగిండ్రు. కంపెనీ తరఫున వచ్చినాయన మామను "నాగయ్య, నాగయ్య" అనుకుంట మాట్లాడిండు. నాగన్నను అబద్ధాలకోరు చేయనీకె వచ్చినోడికి ఆ పేరు నేర్చుకునే తీరిక గూడ లేకపాయె.

పోయిన ఉత్తరంల, "నాయిన షుగరు సంగతి ఎందుకు దాచిండు" అని రాసినవ్. జవాబు ఏడాది సంది నా కడుపుల పెట్టుకున్న. మామ దాచలే. ఏజెంటు కురుమూర్తి మనింట్ల కూసొని ఫారం నింపుతుంటె, మామ గోళీల డబ్బ తెచ్చి ముంగట పెట్టిండు. "ఇది రాస్తే లేటయితది పెద్దాయనా, లేదని రాద్దాం" అన్నడు కురుమూర్తి. మామ నా దిక్కు చూసిండు. ఇంట్ల చదువొచ్చినదాన్ని నేనే. "రాయనీ మామా, ఏంగాదు" అన్న. మామ సంతకం పెట్టిండు. తర్వాత అందరు మామది తప్పంటుంటె, నువ్వు గూడ అంటుంటె, నేను నోరు మెదపలే. కురుమూర్తిని తిట్టే ముందు నన్ను నేనే తిట్టుకోవాలె.

పూజకు చెప్పిన. "కేసు ఏమైతదో తెల్వదు. అయినా చెప్పు అక్కా" అన్నది. కమిషన్ల అందరి ముంగట చెప్పిన. కంపెనోళ్ల తరఫున వచ్చిన కురుమూర్తి తల దించుకున్నడు. పెద్దసారు కంపెనీ ఆయనను ఒక్కటే అడిగిండు: "షుగరు లేకుంటే ఆయనను కరెంటు వదిలేస్తుండెనా?" పైసలన్ని అత్తకు కట్టాలని తీర్పు రాసిండు.

మొన్న కంపెనీ ఆఫీసుకు పోయినం. "ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాం" అని రాసిన పెద్ద అట్ట చెక్కు పట్టుకొని ఫోటో దిగాలంట. అత్తను నవ్వమన్నరు. నేను అసలు చెక్కు తీసి అత్త చేతుల పెట్టిన. "అట్టను కురుమూర్తికియ్యుండ్రి, మంచిగ నవ్వుతడు" అని అత్తను పట్టుకొని బయటికొచ్చిన.

మీ నాయిన అబద్ధమాడలేదని నీ తోటి పనోళ్లకు గూడ చెప్పు. నా మీద కోపమొస్తే దాచకుండ రాయి, చదువుత.

ఇట్లు,
నాగన్న కోడలు, నీ ఇంటిది
సరోజ