నలభై గుండెల కాపలాదారు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు కనిపెట్టిన ఆరోగ్య పట్టీ మా ఫ్యాక్టరీకి వచ్చి ఏడాదైంది. నలభై మందికీ ఎప్పుడు చూసినా పచ్చ దీపమేనట. మరి పొద్దున్నే నాకు బూడిదరంగు కఫం ఎందుకు పడుతోందిరా? వెండిని కంటికి ఆనని కణాలుగా చేసే మా యంత్రం తలుపు సందుల్లోంచి పొడి కారుతూనే ఉంటుంది. మాస్కులు మార్చమంటే అవే ఉతికి ఇస్తారు, ఎవరెవరి ఎంగిలి కంపుతోనో. ఛీ! పక్క యంత్రం మీద పనిచేసే బుజ్జికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దాని ఛాతీ చూడడు. తెర చూసి, "పచ్చగా ఉంది, వెళ్ళమ్మా" అంటాడు.

నీ పట్టీ అబద్ధమాడుతోందేమో చూడు. బడి ఎగ్గొట్టడానికి థర్మామీటరు వేడినీళ్ళలో ముంచినవాడివి, నీకు తెలియని వేషాలా!

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. థర్మామీటరు సంగతి ఇంకా మర్చిపోలేదా తల్లీ! నా పట్టీని మాత్రం ఏమీ అనకు. షిఫ్టు ఎనిమిది గంటలూ చేతికే ఉండి, మీ గుండె, ఊపిరి లెక్క నిమిష నిమిషానికీ నాకు పంపుతుంది. ఏడాదిలో ఒక్క ఎర్ర దీపం లేదు. వచ్చే నెల దీనికి ప్రభుత్వ అనుమతి వస్తే ఆసుపత్రులన్నీ కొంటాయి. ఇప్పుడు నువ్వే అడ్డుపుల్ల వేస్తే ఎలా? దగ్గుకు ఆవిరి పట్టు.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

ఎనిమిది గంటలా? మేం పట్టీ కట్టుకునేది గేటు దగ్గర ఒక్క నిమిషం! మోచేతుల దాకా గ్లౌజులు వేసుకోవాలని, విప్పి ట్రేలో పెట్టమంటాడు సూపర్‌వైజరు. ఆ నిమిషంలోనే కొలిచేస్తుందంటే గొర్రెల్లా నమ్మాం.

నిన్న ఆ ట్రే వెనకాలే వెళ్ళాను. కాపలాదారు గదిలోకి పోయింది. దున్నలాంటి మనిషి, బనీనుతో కుర్చీలో వాలి కూర్చున్నాడు. రెండు చేతులకూ భుజాల దాకా, పిక్కల నిండా మా పట్టీలే. చెమటకు నాని ఒకటే కంపు. "నలభై మందికీ నేనే అమ్మా! బిస్కెట్లు కూడా ఇస్తారు" అని నవ్వాడు. నాది ఎడమ పిక్క మీద, వెంట్రుకల మధ్య ఉంది. రోజూ నేను చేతికి కట్టుకునేది అదే. బయటికొచ్చి గోడవార వాంతి చేసుకున్నాను.

బుజ్జి సోమవారం యంత్రం దగ్గరే కూలిపోయింది. మధ్యాహ్నానికల్లా పోయింది. ముప్పై ఏళ్ళు లేవు దానికి. పచ్చ దీపమే కాబట్టి రోగం ఇంటి నుంచి తెచ్చుకుందన్నారు. ఆ నోళ్ళు పడిపోను!

తనిఖీ అధికారికి నువ్వు రాయి, నీ మాటైతే వింటారు. ఇంకా ముప్పై తొమ్మిది మందిమి ఆ యంత్రాల గదిలోనే ఉన్నాం.

అక్క

*

ప్రియమైన అక్కకు,

రెండో నెలలోనే నాకు తెలిసింది. నలభై గుండెలూ ఒకేసారి కునుకు తీస్తున్నాయి, ఒకేసారి లేచి నడుస్తున్నాయి. మీ మేనేజరును అడిగితే, "పచ్చగా ఉందా లేదా, అది చెప్పు" అన్నాడు. అనుమతి ఇచ్చేవాళ్ళు పట్టేస్తారని, ఒక్కొక్కరి అంకెలు కాస్త అటూ ఇటూ జరిగేలా నేనే చేశాను. బుజ్జి పోయిన సోమవారం కూడా, సాయంత్రం దాకా నా తెర మీద ఆమె గుండె కొట్టుకుంటూనే ఉంది.

అనుమతి వచ్చాక ఇదే పట్టీ వేలమందిని కాపాడుతుంది కదా అనుకున్నాను. నిన్ను ఆఫీసు పనికి మార్పిస్తాను. ఈ ఉత్తరం చించెయ్.

నీ తమ్ముడు

*

పట్టీ కనిపెట్టినవారికి,

'ప్రియమైన' అని రాయబోతే చెయ్యి రాలేదు. నీ ఉత్తరం చదివి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఆ కాపలాదారును చూస్తే పుట్టిన రోత దీని ముందు ఏపాటి! అతను బిస్కెట్లకు ఒళ్ళు అప్పిచ్చాడు, అంతే. చచ్చిన మనిషి గుండెను కొట్టించింది నువ్వు.

ఉత్తరం చించలేదు. తనిఖీ అధికారి చేతిలో పెట్టాను. "ఇది ఆయన దస్తూరీయేనా?" అని అడిగాడు. "అక్షరాలు దిద్దించిందే నేను" అన్నాను. నిన్న ఆ యంత్రాల గదికి తాళం పడింది. రేపు నీ దగ్గరికి వస్తారు.

నువ్వు థర్మామీటరు వేడినీళ్ళలో ముంచినప్పుడు నేను చూశాను, అమ్మకు చెప్పలేదు. అప్పుడే చెప్పాల్సింది.

అక్క