అన్నయ్య వంకర కోత

తూర్పు లాస్ ఏంజిలెస్,
గురువారం

ఒఫీలియా వదినా,

ఆదివారం అన్నయ్య సమాధి దగ్గరికి ఆయన ఇంపాలా కారు తెస్తాను. అందులో ఆయనకిష్టమైన పాటలు వినిపిస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ఎండకు పగిలిన డ్యాష్‌బోర్డు తీసేసి, అచ్చం అలాంటిదే కొత్తది బిగించాను. అన్నయ్య పాత టేప్‌రికార్డర్ కోసం కొలిచి, దాంట్లో తిన్నగా కన్నం కోశాను. పట్టలేదు. దాని పెట్టే ఒకపక్కకు వంగి ఉంది వదినా! అన్నయ్య అప్పట్లో వంకరగా కోసింది అందుకే. "తాగి కోశావా అన్నా?" అని మా కార్ల క్లబ్బులో అందరిముందూ ముప్పై ఏళ్లు ఏడిపించాను. నవ్వి ఊరుకునేవాడు.

ఆయన కోసిన ఆ డ్యాష్‌బోర్డును మొన్ననే చెత్తలో పారేశాను. నన్ను తిట్టు.

రేపు కొత్తదాన్నీ వంకరగానే కోస్తాను. ఆదివారం ఎవరైనా నవ్వితే, కోసింది నేనేనని చెప్పు.

నీ మరిది