రైలుకెట్ల ఇస్త?

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సమాధి మీద పూలు పెట్టి వచ్చాను. కానీ అక్కడ చెప్పలేనిది ఒకటుంది.

ఈ ఉదయం ఆరాధన అయ్యాక అఫ్జల్‌గంజ్ నుంచి ఒక జంట పసివాణ్ణి తెచ్చారు. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టాడట. వాణ్ణి నా చేతుల్లో పెట్టి తల్లి అంది: "దేవుని సేవకిస్తమని, పాస్టర్‌ను చేస్తమని మొక్కుకున్నం అయ్యగారూ. గదే చెప్పి ప్రార్థన చేయుండ్రి."

వాడికి ఆరోగ్యం అడిగాను, ఆయుష్షు అడిగాను, మంచి బుద్ధి అడిగాను. ఆమెన్ అనేశాను. ఆమె మాత్రం అనలేదు.

"సేవకని అనలేదు గదా అయ్యగారూ."

అప్పుడే నాంపల్లి స్టేషన్ నుంచి రైలు కూత వినబడింది. పెద్దయ్యాక రైలు నడుపుతానని చిన్నప్పుడు నేను ఏడిస్తే ఏమన్నావో గుర్తుందా? "నువ్వు పుట్టకముందే నిన్ను దేవునికి ఇచ్చిన బిడ్డా. ఇగ రైలుకెట్ల ఇస్త?" ఇంటిల్లిపాదీ నవ్వారు.

నాకు దేవుడి మీద కోపం లేదమ్మా. ఇన్నేళ్లలో ఆయన నా చెయ్యి వదల్లేదు. ఆయనే పిలిచి ఉంటే నా అంతట నేనే వచ్చేవాణ్ణేమో. ఆ అవకాశం నువ్వు ఆయనకూ ఇవ్వలేదు.

ఆ పసివాడి తల్లి ఎదురుచూస్తోంది. "ప్రభువా, ఈ బిడ్డను నీ సేవకు..." అన్నాను. ఈసారి అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

వాడు నా తెల్లంగీని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. విడిపించబోతే ఆమె నవ్వుతూ ఆపింది.

"ఉండనియ్యుండ్రి అయ్యగారూ, ఇప్పటిసంది అలవాటైతది."

ఇట్లు,
నీ మొక్కు