వెనక సీట్లో అత్తయ్య

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ, మీ ఓడా కూడా అలాగే ఉన్నారనుకుంటాను. అయితే "అందరం" అన్న మాట నిన్నటి నుంచే నిజం. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది, కంగారుపడి చివరి పేజీకి దూకకండి.

పోయిన ఉత్తరంలో మీరు మూడు సంగతులు అడిగారు. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. తొర్రిపళ్ళని ఏడిపిస్తే ఇంకా ఎక్కువ నవ్వుతోంది. కారు బయటికి తీస్తూనే ఉన్నాను, టైర్లలో గాలి కూడా చూస్తున్నాను. ఇక "అమ్మ నడుము వ్యాయామాలకి వెళుతోందా" అన్నారు. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు.

ముందు నా చదువు సంగతి వినండి. నేను కార్ల పిచ్చోళ్ళ గుంపులో చేరాను. మనలాంటి కారున్నవాళ్ళు ఫోన్లో పెట్టుకున్న గుంపు అది. అందరికీ మారుపేర్లే. డొక్కుబండి అని ఒకాయన ఉన్నాడు, పళ్ళ డాక్టరు. కేకులక్క అని ఒకావిడ ఉంది. మూడంతస్తుల కేకులు చేసి తానే కారులో చేరవేస్తుంది. దారిలో కేకు బీటలు వారితే బేరం గోవిందా కాబట్టి కారు కింద ఏముందో అంతా నేర్చేసుకుందట.

మన కారు గుంతలో పడితే అత్తయ్య నడుము విరిగినంత పనవుతోంది, ఏం చేయాలని అడిగాను. ఏవో సామాన్లు కొనమంటారనుకున్నాను. కేకులక్క ఒక్కటే అడిగింది: "నువ్వెప్పుడైనా వెనక సీట్లో కూర్చున్నావా?"

కూర్చోలేదు. ఎప్పుడూ మీ పక్కనే, లేకపోతే స్టీరింగు ముందే. మర్నాడు మా తమ్ముణ్ణి నడపమని, అత్తయ్య కూర్చునే చోట కూర్చున్నాను. వీధి చివర స్పీడ్ బ్రేకరు దాటేసరికి నాకు చుక్కలు కనిపించాయి. "మెల్లగానే పోతున్నా కదక్కా" అన్నాడు. నిజంగానే మెల్లగా పోతున్నాడు పాపం. వెన్నుపూస చిట్లిన మనిషిని అక్కడ కూర్చోబెట్టి, దిండు వేశాను కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఏడుపొచ్చింది.

ఆ రోజే చదవడం మొదలుపెట్టాను. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, అయినా చెప్పనివ్వండి, కడుపులో దాచుకోలేకపోతున్నాను. కారు బరువు మోసేది స్ప్రింగు. రోడ్డు కొట్టే దెబ్బ కూడా అదే తింటుంది. కానీ దానికి ఆగడం తెలియదు, వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. దానికి తోడు షాక్ అబ్జార్బరు అనే గొట్టం. అందులో నూనె, ఆ నూనె పోవడానికి సన్నటి కంతలు. స్ప్రింగు ఊగబోయినప్పుడల్లా నూనె ఆ కంతల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి, ఈలోగా ఊపు చచ్చిపోతుంది. ఒకటి దెబ్బ కాస్తుంది, ఒకటి సర్దిచెబుతుంది. ఇన్నేళ్ళూ దాని మీదెక్కి కూరగాయలకి వెళ్ళొచ్చానే గానీ, కింద ఇంత సంసారం జరుగుతోందని నాకు తెలియదు.

డొక్కుబండి తన కారు చక్రం పక్కన కెమెరా కట్టి తీసిన వీడియో పెట్టాడు. కింద చక్రం పూనకం వచ్చినట్టు ఎగురుతోంది. పైన కారు మాత్రం తనకేమీ పట్టనట్టు పోతోంది. పాపా నేనూ నోరు తెరుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాం.

ఇక అసలు సంగతి. కోప్పడకండి. అత్తయ్య వ్యాయామాలకి వెళ్ళడం మానేసి నెల దాటింది. ఇలాగే ఉంటే మంచానికి అతుక్కుపోతారని ఎముకల డాక్టరు చెప్పాడు. అయినా కారెక్కనన్నారు, మీకు రాయనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను వెనక కూర్చుని చూశానని చెప్పాకే నోరు విప్పారు.

"వాడు ముచ్చటపడి ఆ పొట్టి స్ప్రింగులు వేయించుకున్నాడు. కారు నేలని రాసుకుంటూ పోతుంటే ఎంత మురిసిపోయాడని. వాటి వల్లే నాకు నొప్పని తెలిస్తే వాడు తట్టుకోగలడా? దానికన్నా ఈ మంచమే నయం."

అందుకని ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. దెబ్బ తినడానికి చోటే లేని మీ పొట్టి స్ప్రింగులు తీయించేశాను. మీరు అటక మీద పడేసిన పాతవే మళ్ళీ వేయించాను, షాక్ అబ్జార్బర్లు మాత్రం కొత్తవి. మెకానిక్ కారు పైకి లేపి ఉండగానే కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షుల బోల్టులు బిగించబోయాడు. "ఆగన్నా, కిందికి దించు. చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది" అన్నాను.

"ఎవరు చెప్పారమ్మా?"

"కేకులు చేసే ఆవిడ."

అతను ఒక్క నవ్వు నవ్వి కారు దించాడు. మన కారు ఇప్పుడు బడికెళ్ళే బుద్ధిమంతుడిలా ఎత్తుగా నిలబడింది. మీకు నచ్చదు. నచ్చకపోయినా అలాగే ఉంటుంది.

నిన్న అత్తయ్యని ఒప్పించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. తమ్ముడు నడిపాడు, నేను వెనక ఆవిడ పక్కన కూర్చున్నాను. దారిలో రైలు గేటుంది కదా, ఆ పట్టాల కుదుపంటే ఆవిడకి హడల్. కళ్ళు గట్టిగా మూసుకుని నా చేయి పట్టుకున్నారు. చాలాసేపటికి అడిగారు, "గేటు ఇంకా రాలేదా?"

"ఎప్పుడో దాటేశాం అత్తయ్యా" అన్నాను.

కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూశారు. ఆస్పత్రి దగ్గర తమ్ముడి చేయి పట్టుకుని మెట్లెక్కారు. నేను మాత్రం కారు దగ్గరే ఆగిపోయాను. షాక్ అబ్జార్బరు గొట్టం మింగిన దెబ్బలన్నీ వేడిగా మారతాయని డొక్కుబండి చెప్పాడు. నమ్మకం కుదరక, అందరూ చూస్తుండగా వెనక చక్రం పక్కన చతికిలబడి చేయి లోపలికి పెట్టాను. నిజమే, గొట్టం గోరువెచ్చగా ఉంది. మీ అమ్మ నడుముకి తగలాల్సిన దెబ్బలన్నీ నా చేతి కింద ఉన్నాయి. చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు